పెడల్ వదిలినా ఆగని స్వరం

నాకు భయం ఎక్కువ. ఇంట్లో అందరూ వెక్కిరిస్తారు. ఊరికి బయల్దేరి, గ్యాస్ కట్టేశానో లేదోనని బస్టాండు నుంచి వెనక్కి వచ్చిన మనిషిని నేను. అలాంటివాడిని ఏలూరులో ఒక సంగీత వాయిద్యాల షాపులో సర్వీసు మెకానిక్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. హార్మోనియం తిత్తులకు అతుకులు వేయడంతో మొదలైన పని కీబోర్డుల మీదుగా డిజిటల్ పియానోల దాకా వచ్చింది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, ఏమైనా చెప్పండి సార్ అని అడుగుతున్నారు. సోల్డరింగు ఎలా చేయాలో నేను చెప్పను. అది ఫోన్లో చూసి నాకంటే బాగా నేర్చుకుంటారు. రెండు చిన్న వస్తువుల గురించి చెబుతాను. ఒకటి కాలికింద ఉండే పెడల్, రెండోది చెవుల మీద ఉండే హెడ్‌ఫోన్స్. నన్ను నిద్రపోనివ్వకుండా చేసినవి ఈ రెండే.

పెడల్ పని చాలా చిన్నది. దాన్ని తొక్కి ఉంచితే, మెట్టు మీద నుంచి వేలు తీసేసినా స్వరం సాగుతూనే ఉంటుంది. కాలు ఎత్తితే ఆగిపోతుంది. అంతే. ఇంత చిన్న వస్తువుతో ఇన్ని తిప్పలేమిటని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

కాలు పెట్టి స్విచ్ వేస్తే

తాడేపల్లిగూడెంలో ఒక చర్చికి మేమే పియానో అమ్మాం. ఒక ఆదివారం పొద్దున్నే పాస్టర్ గారు ఫోన్ చేశారు.

“బాషా గారూ, మా పియానో తిరగబడిపోయిందండీ. తొక్కితే ఆగుతోంది, వదిలితే మోగుతోంది. ఇంకాసేపట్లో ఆరాధన మొదలెట్టాలండి.”

షాపులో దొరికిన పెడలల్లా సంచిలో వేసుకుని బస్సెక్కాను. గుండుగొలను దాటేదాకా పియానో లోపలి బోర్డులో ఏం కాలిపోయి ఉంటుందా అని నాలో నేను గొణుక్కుంటూనే ఉన్నాను. పక్క సీటాయన లేచి వేరే సీటుకి వెళ్లిపోయాడు.

తీరా వెళ్లి చూస్తే ఏమీ కాలిపోలేదు. అక్కడ వాయించే టీచరమ్మ గారికి ఒక అలవాటు ఉంది. కుర్చీలో కూర్చోగానే కాలు పెడల్ మీద పెట్టేసుకుంటారు, తర్వాత స్విచ్ వేస్తారు. ఆ రకం పియానో స్విచ్ వేసిన క్షణంలో పెడల్ ఎలా ఉంటే అదే దాని మామూలు స్థితి అనుకుంటుంది. తొక్కి ఉంటే, తొక్కి ఉండటమే మామూలు అనుకుంటుంది. ఇక అప్పటి నుంచి అంతా తలకిందులు. స్విచ్ ఆపి, ఆవిడ కాలు పక్కకి పెట్టించి, మళ్లీ వేశాను. బాగైపోయింది.

“ఓస్, ఇంతేనాండీ” అన్నారావిడ. తర్వాతి ఆదివారం మళ్లీ అలాగే చేశారు.

ఏదైనా ఫిర్యాదు వస్తే ముందు మిషన్ విప్పకండి. మనిషిని కూర్చోబెట్టి, “రోజూ ఎలా వాయిస్తారో అలాగే వాయించండి” అనండి. మీరు పక్కన చేతులు కట్టుకుని నిలబడండి. సగం జబ్బులు అక్కడే కనిపిస్తాయి.

హెడ్‌ఫోన్స్‌ది ఇంకో రకం గోల. ఏలూరులో ఒక స్కూలు వార్షికోత్సవం రోజున పియానో మూగబోయింది. స్టేజి మీద ఫ్రాకులు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, ప్రిన్సిపల్ గారి మొహం ఎర్రగా ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టే కన్నంలో ఎవరో ఒక చిన్న పిన్ను వదిలేశారు. ఆ కన్నంలో ఏదైనా ఉంటే చాలు, పియానో హెడ్‌ఫోన్స్ పెట్టారనుకుని బయటి స్పీకర్లు ఆపేస్తుంది. పిన్ను లాగేసరికి మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

గోపాలం గారి సూత్రం

మా షాపు యజమాని గోపాలం గారు. గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నన్ను కూడా ‘ఏవండీ బాషా గారూ’ అనే పిలిచేవారు. ఆయనకో సూత్రం ఉండేది. “కొన్నవాళ్లు తప్పు చెప్పరండీ. ఏదైనా వస్తే ముందు మనదే తప్పనుకోవాలి.” ఈ సూత్రం వల్లనే మా షాపు నిలబడింది. నాలాంటి పిరికివాడికి అది బాగా నచ్చింది కూడా. తప్పు మన వస్తువుదే అనుకుంటే, వస్తువు మార్చేస్తే సరిపోతుంది. భయపడాల్సిన పని లేదు.

ఆయనలో నాకు నచ్చని అలవాటు కూడా ఒకటి ఉండేది. షాపుకి ఎవరైనా వస్తే వాళ్ల చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, సౌండు చివరిదాకా పెంచి, తానే నాలుగు మెట్లు నొక్కేవారు. కొనడానికి వచ్చినాయన ఉలిక్కిపడితే, “చూశారాండీ, సౌండంటే ఇదీ” అని నవ్వేవారు. ఆ ఉలికిపాటుకే సగం బేరాలు తెగేవి. ఆయనతో ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన వెనక్కి తిరగ్గానే మీట కొంచెం కిందికి జరిపేవాడిని.

కెజియా

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆకివీడు అవతల, రొయ్యల చెరువుల మధ్య ఒక ఇల్లు. దానియేలు గారిది. చెరువు లీజుకి తీసుకుని సాగు చేసేవారు. ఆయన కూతురు కెజియా డిగ్రీ చదివేది. వాళ్ల చర్చిలో వాయించేది ఆ పిల్లే. ఆ పిల్ల సరదా చూసి దానియేలు గారు ఒక పంట బాగా వచ్చినప్పుడు మా దగ్గర డిజిటల్ పియానో కొన్నారు. హెడ్‌ఫోన్స్ కూడా షాపులోనే ఇచ్చాం.

ఆయన ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదు ఇదీ. “పెడల్ వదిలినా ఒక స్వరం ఆగట్లేదంటండీ పాపకి. సన్నగా సాగుతానే ఉంటుందంట.”

కొల్లేరు మీదుగా కైకలూరు దాటి వెళ్లాను. నేను గేటు దగ్గరికి రాగానే ఆ పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుని లోపలికి పిలిచింది. రాత్రంతా చెరువు కాపలా కాసి వచ్చి దానియేలు గారు పగలు నిద్రపోతారు. అందుకే ఇంట్లో మాటలన్నీ గుసగుసలే, పియానో హెడ్‌ఫోన్స్‌లోనే. బయట మాత్రం చెరువులో ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. నీళ్లకి గాలి అందించే చక్రాలవి. కిటికీ మూసినా ఆ చప్పుడు గోడల్లోంచి వస్తుంది. కరెంటు పోతే ఇంజను వేస్తారు, అప్పుడు ఇంకా ఎక్కువ.

ఆ పిల్ల వాయించింది. స్పీకర్లు చిన్నగా పెట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాను. పెడల్ వదలగానే అన్నీ ఆగిపోయాయి.

“ఇప్పుడూ వస్తోందండీ. మీకు వినబళ్లేదా అంకుల్?” అంది.

ఇక్కడ నేను ఏమనుకున్నానో చెబుతాను, ఎందుకంటే మీరూ ఒక వయసు వచ్చాక ఇలాగే అనుకుంటారు. నా చెవుల మీదే నాకు అనుమానం వచ్చింది. ఈ వయసులో సన్నటి ధ్వనులు వినబడవని నాకు తెలుసు. వయసులో ఉన్న పిల్ల చెవికి అందేది నా ముసలి చెవికి అందట్లేదు అనుకున్నాను. గోపాలం గారి సూత్రం ఎలాగూ ఉంది. పెడల్ మార్చేసి వచ్చాను.

కొన్నాళ్లకే మళ్లీ ఫోన్. అదే మాట. ఈసారి గోపాలం గారు, “మిషనే మార్చేద్దామండీ, పాపం చిన్నపిల్ల” అన్నారు. మార్చేస్తే అయిపోయేది. నా భయం ఊరుకోనివ్వలేదు. కొత్త మిషన్‌లో కూడా ఆగకపోతే ఏమనాలి? ఒక్కసారి చూసొస్తానని చెప్పి, నా సొంత హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని వెళ్లాను. ఆ పియానోకి ముందు వైపు అడుగున రెండు కన్నాలుంటాయి, ఇద్దరు కలిసి వినడానికి. మామూలుగా గురువుకొకటి, శిష్యుడికొకటి. ఆ రోజు రెండోది నేను పెట్టుకున్నాను.

“రోజూ ఎలా వాయిస్తావో అలాగే వాయించమ్మా” అన్నాను.

తను మెట్లు నొక్కింది. రెండు చెవుల మీదా ఎవరో చాచి కొట్టినట్టయింది. హెడ్‌ఫోన్స్ పీకి ఒళ్లో పడేశాను. చూస్తే సౌండు మీట చివరిదాకా ఉంది.

“ఇంత సౌండేంటమ్మా?”

“తగ్గిస్తే అవే వినబడతాయండీ” అని కిటికీ వైపు చూపించింది. ఏరియేటర్లు.

మీట సగానికి తగ్గించి, మళ్లీ వాయించమన్నాను. వాయించి, కాలు ఎత్తింది. నా చెవుల్లో ఏమీ లేదు.

“ఇదిగో, వస్తోందండీ” అంది.

“ఏ మెట్టో చూపించు.”

కుడిచేతి చివర మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. ఆఖరి మెట్టు దగ్గర ఆగింది. తల అడ్డంగా ఊపింది. “దీనికంటే కొంచెం పైనండీ. దానికి మెట్టు లేదు.”

లేని మెట్టుని పియానో ఎలా మోగిస్తుంది? వంగి ఆ పిల్ల హెడ్‌ఫోన్స్ పిన్ను లాగేశాను.

“ఇప్పుడు?”

“వస్తోందండీ.”

గోడ దగ్గర స్విచ్ ఆపేశాను. పియానో మీద చిన్న దీపం ఆరిపోయింది.

“ఇప్పుడమ్మా?”

ఆ పిల్ల హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది. నాకు తెలిసిన సంగతి తనకీ తెలిసిపోయింది. ఆ స్వరం పియానోలో లేదు, తన చెవిలో ఉంది.

“నాన్నకి చెప్పకండంకుల్” అంది. “చెబితే పియానో తీసేస్తారండీ.”

ఈలోగా తలుపు చప్పుడైంది. దానియేలు గారు తువ్వాలు భుజాన వేసుకుని, నిద్ర కళ్లతో వచ్చారు. దాచడం నా వల్ల కాదు. భయపడేవాళ్లం రహస్యాలు మోయలేం. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“పెడల్ బాగుచేయమంటే పిల్లకి జబ్బంటారేంటండీ” అన్నారాయన. తర్వాత మంచం మీద కూలబడ్డారు. “ఎప్పట్నుంచే?” అని కూతుర్ని అడిగారు.

“ఈ పంట వేసినప్పట్నుంచి నాన్నా. ఎడం చెవిలో. పియానోదేమో అనుకున్నాను.”

ఆయన కిటికీలోంచి చెరువు వైపు చూశారు. “ఇంకొన్నాళ్లలో పట్టుబడి పెట్టుకున్నామండీ. రొయ్య తీసేశాక తీసుకెళ్తాను. ఇప్పుడు చెరువు వదిలితే మొత్తం పోతుంది.”

ఆయన్ని తప్పు పట్టలేను. చెరువులో ఉన్నది ఆ ఇంటి ఏడాది బతుకు. అయినా నేను జీవితంలో గొంతు పెంచిన కొద్ది సందర్భాల్లో అదొకటి. “పట్టుబడి దాకా ఆగమని చెవికి చెప్పగలమాండీ? ఉన్నది కూడా పోతే, చెరువులో రొయ్యపిల్లల్ని వదిలినట్టు మళ్లీ సీడు వేయగలమా?” అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, తువ్వాలు సర్దుకుని చెరువు గట్టు మీదికి వెళ్లిపోయారు. నేను తిరుగు బస్సు ఎక్కాను.

గాజు అవతల

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. చెరువుకి బావమరిదిని పెట్టి కూతుర్ని తీసుకుని ఏలూరు వచ్చేశానని. చెవి డాక్టరు గారి ఆసుపత్రికి నేనూ వెళ్లాను. నా పని కాదని గోపాలం గారు అన్నా వెళ్లాను.

అక్కడ చప్పుడు చొరబడని చిన్న గది ఉంది, దానికో గాజు కిటికీ. కెజియాని లోపల కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి బయట మిషన్ ముందు కూర్చుంది. “ఏ కొంచెం వినబడినా చెయ్యి ఎత్తమ్మా” అని చెప్పింది.

కుడి చెవికి పెట్టినప్పుడు చెయ్యి వెంటవెంటనే లేచింది. దానియేలు గారు ఊపిరి వదిలారు. తర్వాత ఎడమ చెవి. బరువైన స్వరాలకు లేచింది, మధ్య స్వరాలకు లేచింది. సన్నటి వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి మీట కొంచెం పెంచింది. చెయ్యి లేవలేదు. ఇంకొంచెం పెంచింది. మిషన్ మీద దీపం వెలుగుతోంది, అంటే లోపల స్వరం మోగుతోంది. అలాంటి దీపాలు చూస్తూనే బతికినవాణ్ని, నాకు తెలుసు. దానియేలు గారికి తెలియదు. “ఇంకా మొదలెట్టలేదాండీ?” అని నన్ను అడిగారు. గాజు అవతల ఆ పిల్ల చాలా శ్రద్ధగా, కనుబొమలు ముడిచి, రాని దానికోసం వింటోంది. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. చివరికి చెయ్యి లేచింది. అప్పటికి ఆ అమ్మాయి మీటని చాలా దూరం తిప్పేసింది.

డాక్టరు గారు మెత్తగానే చెప్పారు. ఎడమ చెవిలో సన్నటి ధ్వనులు కొంత పోయాయి, పోయినంత వరకు తిరిగి రావు. మిగిలింది కాపాడుకోవాలి. చెవిలో వినబడే ఆ కూత తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. అంత సౌండుకే చెవి దెబ్బతింది కాబట్టి ఇక హెడ్‌ఫోన్స్ ముట్టుకోకూడదు. “పియానో వాయించొచ్చాండీ?” అని దానియేలు గారే అడిగారు. నేనూ ఆ పిల్లా ఒకేసారి ఆయన వైపు తిరిగాం. వాయించొచ్చు, సౌండు తక్కువ పెట్టి, స్పీకర్లలోంచి గాల్లో వినబడేలా వాయించొచ్చన్నారు డాక్టరు గారు.

షాపుకి వచ్చి చెబితే గోపాలం గారు, “హమ్మయ్య, మన మిషన్‌ది కాదు కదండీ” అన్నారు. ఆయన మంచివాడు. మరునాడే ఆ పిల్లకి పళ్లు పంపించారు. కానీ ఆ ‘హమ్మయ్య’ నాకు గుచ్చుకుంది. కస్టమరు తప్పు చెప్పడన్నది నిజమే. కెజియా చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. స్వరం ఉంది, పెడల్ వదిలినా ఆగట్లేదు. తప్పల్లా మేము దాన్ని పియానో డబ్బాలోనే వెతకడం. కాబట్టి పిల్లలూ, ఎవరి ఇంటికి వెళ్లినా ముందు సౌండు మీట ఎక్కడుందో చూడండి. ఆ ఇంటి చుట్టూ ఏం చప్పుడుందో వినండి. మీ పని అది కాదని ఎవరన్నా అంటే అననివ్వండి.

ఎండ ఉన్న మధ్యాహ్నం

రిటైరయ్యాక ఒకసారి ఆకివీడులో పెళ్లి భోజనానికి వెళ్లి, ఆగబట్టలేక ఆ ఇంటికి వెళ్లాను. పియానో లోపలి గది నుంచి ముందు గదిలోకి వచ్చింది. హెడ్‌ఫోన్స్ ఎక్కడా కనబడలేదు. పగటి నిద్రకి దానియేలు గారు గట్టు మీద పాక వేసుకున్నారట, ఇంట్లో ఎవరూ గుసగుసలాడక్కర్లేదు.

“ఎండ బాగా కాస్తే నీళ్లకి గాలి తక్కువ కాదండీ. ఆ కాసేపు ఏరియేటర్లు కట్టేస్తాను. పాప ప్రశాంతంగా వాయించుకుంటుంది” అన్నారాయన. ఆ మాట చెబుతుంటే మొహం వెలిగిపోయింది. గట్టు మీదకి వెళ్లి ఒక్కొక్క మోటారూ ఆపారు. చప్పుడు విడతలవారీగా తగ్గి, చివరికి ఏమీ లేకుండా పోయింది. ఆ చోట అంత నిశ్శబ్దం ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

కెజియా వాయించింది. పెడల్ ఎంత శుభ్రంగా వాడిందంటే, ఒక స్వరం ఇంకోదాని మీద పడలేదు. చివరికి కాలు ఎత్తింది. అన్నీ ఆగాయి. నేను ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. తల కొంచెం ఎడమకి వంచింది.

“ఉందా అమ్మా?”

“ఉందండీ.” గొంతు తగ్గించింది. “ఏరియేటర్లు తిరుగుతుంటే వినబడదంకుల్. వాటి చప్పుడులో కలిసిపోతుంది. ఇలా ఆపేసినప్పుడే బాగా వినబడుతుంది.”

“మరి నాన్నకి చెప్పలేదా?”

“డాక్టరు గారికి చెప్పానండీ. నాన్నకి ఎలా చెప్పను? నా కోసమే కదండీ ఆపుతున్నారు.”

ఇలాంటి దానికి నా సంచిలో ఏ పరికరమూ లేదు. బయట గట్టు మీద, స్విచ్ బోర్డు పక్కనే నిలబడి దానియేలు గారు ఇటే చూస్తున్నారు.

“ఇంకాసేపు ఆపి ఉంచమంటావా అమ్మా?” అని కేకేశారు.

“ఉంచు నాన్నా” అంది కెజియా. కాలు పెడల్ మీద పెట్టి మళ్లీ మొదలుపెట్టింది.